అమలాపురం నుంచి డాలస్‌కు: దూరమెంత, సమయమెంత

అమ్మాయి దగ్గరకు డాలస్ వెళ్తున్నామని చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఎన్ని గంటల ప్రయాణమని. హైదరాబాద్, డాలస్‌ల మధ్య నేరు దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. రెండు నగరాలూ భూగోళానికి ఇంచుమించు చెరోవైపున ఉన్నందున ఆ గీత ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. ఆ దారిన నేరుగా వెళ్లే విమానం మాత్రం లేదు. దుబాయ్ మీదుగా వెళితే ముందు 2,550, ఆపైన 12,900 కిలోమీటర్లు. గాలిలో సుమారు ఇరవై గంటలు, మధ్యలో ఆగినది కలిపితే ఇంచుమించు ఒక రోజు. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరినవారు అదే తేదీ సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో దిగుతారు. తిరుగు ప్రయాణంలో పడమటి నుంచి వీచే ఎత్తైన గాలులు తోడై గంటకు పైగా కలిసివస్తుంది.

కోనసీమవారికి అసలు చిక్కు శంషాబాద్ చేరడంలోనే ఉంది. రావులపాలెం, జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి విమానాశ్రయమున్న మధురపూడి వెళ్లి విమానమెక్కితే హైదరాబాద్‌కు గంటంబావు పడుతుంది. దూరం 360 కిలోమీటర్లే. అయితే అమెరికా టికెట్టు మీద మనిషికి సాధారణంగా ఇరవైమూడేసి కిలోల పెట్టెలు రెండు అనుమతిస్తే, విడిగా కొన్న దేశీయ టికెట్టు మీద పదిహేను కిలోలే ఉచితం. మిగతా బరువుకు కట్టే రుసుము చూస్తే, రాజమండ్రిలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కడమో, అమలాపురంలోనే హైదరాబాద్ బస్సెక్కడమో మేలనిపిస్తుంది. మేము బస్సునే ఎంచుకున్నాము. పెట్టెలు ఇంటి దగ్గర ఎక్కిస్తే నగరంలోనే దించుకున్నాము, నడుమ మోత లేదు.

పొద్దున్నే నగరంలో దిగి, అర్ధరాత్రి దాటాక విమానాశ్రయానికి వెళ్లాలి కనుక శంషాబాద్‌లో గది తప్పనిసరి. ఇక్కడ అద్దె కంటే ముందు చెక్-ఇన్ వేళ అడగాలి. కొన్ని హోటళ్లు మధ్యాహ్నం పన్నెండు దాకా గది ఇవ్వవు, ఇరవై నాలుగు గంటల లెక్కన ఇచ్చే చిన్న లాడ్జి ఇలాంటి ప్రయాణానికి ఎంతో నయం. రాత్రి ఒంటిగంటకు విమానాశ్రయం దాకా కారు పంపుతారో లేదో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

సామాను సంగతి కూడా చెప్పాలి. ఆవకాయను చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు. సీసాకు రెండు పాలిథిన్ కవర్లు బిగించి పెద్ద పెట్టెలో బట్టల నడుమ ఉంచాలి. ఆత్రేయపురం పూతరేకులు అక్కడ పెడితే పొడి అయిపోతాయి, వాటి అట్టపెట్టె చేతిసంచిలో అన్నిటికంటే పైన ఉండాలి. పెద్దవారు ప్రయాణిస్తుంటే వీల్‌చెయిర్ సాయం టికెట్టు కొనేటప్పుడే కోరడం మంచిది. దుబాయ్‌లో ఒక గేటు నుంచి మరో గేటుకు నడక చాలా ఎక్కువ.

తిరిగివచ్చేటప్పుడు మధురపూడి విమానం ఎక్కదలచినవారు హైదరాబాద్‌లో పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాల్సి ఉంటుంది. అందుకు కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా టికెట్టు చూసుకోవాలి.