సెడార్ సైడింగ్‌కి స్టెయిన్‌లెస్ మేకులు: పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుందా?

న్యూజెర్సీ, మసాచుసెట్స్ వైపు పాతకాలపు చెక్క ఇల్లు కొన్నవాళ్ళు సైడింగ్ (గోడ బయట కప్పే పలకలు) మార్చేటప్పుడు ఏ పలక వేయాలా అని నెలల తరబడి ఆలోచిస్తారు, మేకుల సంగతి మాత్రం కాంట్రాక్టర్‌కి వదిలేస్తారు. నాలుగు వానలు పడ్డాక గోడ అందం చెడగొట్టేది ఆ మేకే. సైడింగ్‌కి వాడే వెస్టర్న్ రెడ్ సెడార్ చెక్కలో టానిన్ అనే సహజ రసాయనం ఉంటుంది. తడి తగిలితే అది ఇనుముతో కలిసి, మేకు తల కింద నల్లటి చార దిగుతుంది. ఆక్సాలిక్ యాసిడ్‌తో కడిగితే మరక పోతుంది కానీ, మేకు మారకపోతే మళ్ళీ వస్తుంది.

అందుకే ఈ పనికి మా ఓటు రింగ్ షాంక్ (కాడ చుట్టూ గాట్లున్న) స్టెయిన్‌లెస్ సైడింగ్ మేకుకే. మామూలుగా 304 రకం చాలు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఇంటికైతే 316 తీసుకోండి. కాడ సన్నం, మొన మొద్దు కాబట్టి సెడార్ తక్కువగా చీలుతుంది. కాడ మీది గాట్ల వల్ల, చెక్క తడికి ఉబ్బి, ఎండితే కుంగినా మేకు బయటికి జరగదు. హాట్ డిప్ గాల్వనైజ్డ్ మేకుది (కరిగిన జింకులో ముంచి తీసినది) రెండో స్థానం: నిండు పెయింట్ వేసే గోడకి పరవాలేదు, చెక్క రంగు కనబడేలా స్టెయిన్ వేస్తే వద్దు. ఎలక్ట్రో గాల్వనైజ్డ్ (కరెంటుతో జింకు పూత వేసినది) అయితే ఎంత చవకగా వచ్చినా సెడార్‌కి కొనకండి, ఆ జింకు పూత మరీ పలచన.

లోపాలూ ఉన్నాయి. స్టెయిన్‌లెస్ కాస్త మెత్తన. పాత ఇంటి స్టడ్‌లు (గోడ లోపలి నిలువు చెక్క గుంజలు) ఎండి గట్టిపడి ఉంటాయి కాబట్టి చేతి సుత్తితో కొడితే కొన్ని వంగుతాయి. ఒకసారి దిగాక పీకడం కూడా కష్టమే. బలవంతం చేస్తే పలక చీలుతుంది. వెనక నుంచి సన్నని రంపపు బ్లేడుతో కాడ కోసేయడం నయం. నెయిల్ గన్ వాడితే గాలి ఒత్తిడి తగ్గించి పెట్టండి. తల పలకతో సమంగా ఆగాలి. లోపలికి దిగితే అక్కడ నీరు నిలుస్తుంది.

పొడవు దగ్గరే చాలామంది పొరబడతారు. రింగ్ షాంక్ మేకు గట్టి చెక్కలోకి కనీసం ఒకటింపావు అంగుళం దిగాలి. పాత ఇళ్ళలో ప్లైవుడ్ బదులు అడ్డంగా కొట్టిన పలకలే షీతింగ్ (స్టడ్‌ల మీద, సైడింగ్ వెనక ఉండే పొర). అవి లెక్కలోకి వస్తాయి, ఫైబర్‌బోర్డ్ రాదు. అరంగుళం బెవెల్ పలకని (ఒక అంచు మందంగా, ఒక అంచు పలచగా ఉండేది) నేరుగా అలాంటి షీతింగ్ మీద కొడితే 2 అంగుళాల మేకు సరిపోతుంది. గాలి ఆడటానికి వెనక బద్దలు వేస్తే రెండున్నర తీసుకోండి. షీతింగ్ పలకల మధ్య సందులుంటాయి కాబట్టి గురి ఎప్పుడూ స్టడ్ మీదే ఉండాలి. కొత్త హౌస్‌ర్యాప్ (షీతింగ్ మీద చుట్టే, నీరు రానివ్వని పొర) వేశాక స్టడ్ కనబడదు, కాబట్టి ముందే సుద్దదారంతో గీతలు కొట్టుకోండి.

పలకకి ఒక్కో స్టడ్ దగ్గర ఒక్కటే మేకు. కింది పలక పై అంచుకి ఎనిమిదో వంతు అంగుళం పైన పడాలి, దాన్ని తాకకూడదు. గట్టిగా ఉంటుందని రెండు పలకలనీ కలిపి కొడితే అవి కుంగినప్పుడు కదలడానికి చోటుండదు, పలక పొడవునా పగుళ్ళు వస్తాయి. ఇంత మంచి మేకు కొన్నాక కూడా ఈ తప్పు జరిగితే ఆ ఖర్చంతా దండగే. పలక చివర్ల దగ్గర ముందు సన్న డ్రిల్‌తో కన్నం వేయాలి. కోసిన ప్రతి అంచుకీ, వెనక వైపుకీ ప్రైమర్ పూయనిదే పలక గోడ ఎక్కకూడదు.

ఎన్ని కొనాలి? నాలుగున్నర అంగుళాలు బయటికి కనబడే పలక, 16 అంగుళాలకో స్టడ్ అనుకుంటే, 100 చదరపు అడుగుల గోడకి సుమారు 200 మేకులు. చివర్లకి, వంగిపోయేవాటికి మరో 20-30 కలపండి. మొత్తం సైడింగ్ బిల్లులో ఇది చిన్న పద్దే, ఇక్కడ బేరాలు అనవసరం.

ఒక హెచ్చరిక: 1978కి ముందు కట్టిన ఇంట్లో పాత పెయింట్‌లో సీసం ఉండే అవకాశముంది. పాత సైడింగ్ పీకేముందే పరీక్ష చేయించండి. ఆ పనికి వచ్చే కాంట్రాక్టర్‌కి ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) లెడ్ సర్టిఫికేషన్ ఉందో లేదో చూసుకోండి.