ప్యాలెట్లు కొనేముందు లారీ కొలవండి

గుంటూరు వైపు నుంచి ఊరగాయలు, పొడులు తెప్పించి చెన్నైలోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ దుకాణాలకు సరఫరా చేసే వ్యాపారం మాది. గోడౌన్ రెడ్‌హిల్స్ దగ్గర. సరుకును విడి పెట్టెలుగా మోయించడం మానేసి, ప్యాలెట్ల మీద (ఎత్తే బండి కోరలు దూరేలా కింద సందులున్న చెక్క లేదా ప్లాస్టిక్ బల్లల మీద) ఒక్క లోడుగా కట్టి కదిలించడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మాధవరం వైపు కొత్తగా గోడౌన్లు తీసుకుంటున్న మనవాళ్లు తరచూ అడుగుతుంటారు, పెట్టిన డబ్బుకు ఫలితం ఉందా అని. ఉంది. నన్నడిగితే గాజు సీసాల సరుకుకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు. అయితే దానికి కొన్ని షరతులున్నాయి, ప్యాలెట్లు అమ్మేవాళ్లు అవి చెప్పరు.

పాత పద్ధతిలో ఒక ఆవకాయ పెట్టె ఫ్యాక్టరీ నుంచి దుకాణం చేరేలోపు ఆరేడు చేతులు మారేది. లారీ ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు, గోడౌన్‌లో పేర్చేటప్పుడు, తీసేటప్పుడు, మళ్లీ చిన్న బండి ఎక్కించేటప్పుడు. సీసాలు పగిలేది ప్రయాణంలో కంటే ఈ చేతుల మార్పిడిలోనే ఎక్కువ. ఒక్క సీసా పగిలితే నూనె కారి పక్కనున్న నాలుగు పెట్టెలు పాడవుతాయి. ఇప్పుడు అదే పెట్టెను మనిషి రెండుసార్లే ముట్టుకుంటున్నాడు, ఫ్యాక్టరీలో ప్యాలెట్ మీద పెట్టేటప్పుడొకసారి, దుకాణానికి విడగొట్టేటప్పుడొకసారి. పగుళ్లు బాగా తగ్గాయి. మా హమాలీల నడుములకు కూడా కాస్త ఊరట దొరికింది. నా లెక్కలో అది చిన్న లాభం కాదు.

మేం వాడేది 1200 × 1000 మి.మీ. ప్యాలెట్. అంతర్జాతీయ ప్రామాణిక కొలతల్లో ఇదొకటి, మన దేశంలోనూ విరివిగా దొరుకుతుంది. దీనికి పెట్టె కొలత కుదరాలి. మా పాత పెట్టె ఎలా పేర్చినా ఒక అంచు బయటికి వేలాడేది, లేదా మధ్యలో ఖాళీ మిగిలేది. ఫ్యాక్టరీ వాళ్లను ఒప్పించి పెట్టెను 400 × 300కు మార్పించాం. ఒక్కో పెట్టె అడుగున 12 సీసాలు పడతాయి. ప్యాలెట్ పొడవు వెంట మూడేసి పెట్టెలు రెండు వరుసలు, మిగిలిన 400 మి.మీ.లో అడ్డంగా తిప్పి నాలుగు. మొత్తం 10 పెట్టెలతో ప్యాలెట్ అంచు నుంచి అంచు దాకా నిండిపోతుంది. అలా ఐదు అంతస్తులు వేస్తే 50 పెట్టెలు, దాదాపు 450 కిలోలు. ఇక స్టాకు లెక్కకు పెట్టెలు ఎంచక్కర్లేదు, ప్యాలెట్లు ఎంచితే చాలు. మేం పెట్టిన ఖర్చులన్నిటిలో ఈ పెట్టె మార్పుకు పెట్టిందే అన్నిటికంటే ఎక్కువగా కలిసొచ్చింది.

లారీ సంగతి దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. 14 అడుగుల బండి లోపలి వెడల్పు సుమారు 6 అడుగులు, అంటే 1.83 మీటర్లు. 1000 మి.మీ. ప్యాలెట్లు రెండు పక్కపక్కన పట్టవు. ఒకే వరుసలో నాలుగు పెట్టుకుని, పక్కన మిగిలిన సందును విడి పెట్టెలతో నింపాలి. నింపకపోతే మలుపు తిరిగినప్పుడల్లా లోడు పక్కకు జరుగుతుంది. 19 అడుగుల బండి 7 అడుగుల వెడల్పు ఉంటుంది కాబట్టి రెండు వరుసల్లో 8 ప్యాలెట్లు పడతాయి. అయినా అవి 400 పెట్టెలే. విడిగా పేర్చుకుంటే అదే బండిలో 600 దాటి పట్టేవి. గాజు సరుకు కాబట్టి ప్యాలెట్ మీద ప్యాలెట్ ఎక్కించలేం, పైన ఖాళీ గాలికి కూడా కిరాయి కట్టాల్సిందే. పెట్టెకు పడే కిరాయి పెరిగింది, దాచేదేం లేదు. పగుళ్లు తగ్గడం, దింపుడు కూలి తగ్గడం, లారీ పూటంతా వాకిట్లో నిలబడకపోవడం, ఇవన్నీ కలిపితే మాకు మిగులుతోంది. చవక సరుకు, పగలని సరుకు అయితే మిగలకపోవచ్చు.

పేర్చే తీరు గురించి మా దగ్గరి పెద్ద హమాలీ చెప్పిందే నేను అందరికీ చెబుతాను. సిక్కోలు మనిషి. ఇటుకల్లాగా ఒక అంతస్తు మీద ఇంకోటి తిప్పి వేసుకొచ్చిన లోడొకటి దిగితే, అడుగు పెట్టె మీద చెయ్యి పెట్టి చూపించాడు. అట్ట మధ్యలో లోపలికి కుంగి ఉంది. "బాబూ, పెట్టికి బలం మూలల్లోనే ఉంటాది. మూల మీద మూల ఏస్తే నిలబడతాది, మద్దిలో ఏస్తే కుంగిపోతాది" అన్నాడు. అక్షరాలా నిజం. తిప్పి పేరిస్తే లోడు జారకుండా గట్టిగా ఉంటుంది, కానీ అట్ట మోసే బరువు బాగా పడిపోతుంది. అందుకే మేం నిలువుగా మూల మీద మూల పెట్టించి, జారకుండా ఉండే పని స్ట్రెచ్ ఫిల్మ్‌కు, అంటే లోడు చుట్టూ బిగించే సాగే ప్లాస్టిక్ పొరకు వదిలేస్తాం. ఫిల్మ్ మొదటి చుట్లు కింది వరసనూ ప్యాలెట్‌నూ కలిపి పడాలి. పెట్టెలకు మాత్రమే చుట్టి ప్యాలెట్‌ను వదిలేస్తే మలుపులో లోడంతా ప్యాలెట్ మీంచి జారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో అట్ట తేమ పీల్చి మెత్తబడుతుంది కాబట్టి ఆ నెలల్లో ఒక అంతస్తు తగ్గిస్తాం.

చెక్కా, ప్లాస్టిక్కా? రెండూ వాడాను. చెక్కది చవక, విరిగితే పలక మార్చుకోవచ్చు, పెట్టె దాని మీద జారదు. కానీ మేకు తల లేచి పొడుల బస్తాలు చిరిగేవి, వానాకాలం బూజు, చెదలు. ప్లాస్టిక్‌ది మాకు రెట్టింపు పైనే పడింది. కడిగితే శుభ్రం, ఆహార సరుకుకు అదే నయం. కాకపోతే నున్నగా ఉంటుంది, రబ్బరు పట్టీలున్నవే తీసుకోండి. విదేశాలకు పంపే చెక్క ప్యాలెట్‌కు ఐఎస్‌పీఎం 15 (చెక్కతో పాటు పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర కావాలి. అంటే చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచాలి, లేదా ఆమోదించిన మరో పద్ధతిలో పురుగు లేకుండా చేయాలి. ప్లాస్టిక్‌కు ఆ గొడవ లేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా గోడౌన్‌లోకి చీలమండ దాకా నీళ్లొచ్చాయి. ప్యాలెట్ల మీదున్న సరుకంతా ఆ జానెడు ఎత్తు వల్ల తడవకుండా మిగిలింది. నేల మీద పెట్టిన ఖాళీ అట్టలు మాత్రం ముద్దయిపోయాయి.

ప్యాలెట్‌ను చేత్తో లాగే బండి, హ్యాండ్ ప్యాలెట్ ట్రక్, 2500 కిలోలు మోసేది తీసుకున్నాం, మా పనికి అది చాలు, ఇంతవరకు మొరాయించలేదు. అది లోడును నేల మీంచి కాస్త లేపుతుందంతే, లారీ ఎత్తుకు లేపలేదు. మా గోడౌన్‌కు లారీ ఎత్తున అరుగు లేదు కాబట్టి మొదట్లో ఫోర్క్‌లిఫ్ట్ గంటల లెక్కన అద్దెకు తెచ్చుకునేవాళ్లం, తర్వాత బ్యాటరీ స్టాకర్ (ప్యాలెట్‌ను లారీ ఎత్తుకు లేపే చిన్న యంత్రం) కొన్నాం. అరుగూ లేక, స్టాకరూ లేక ప్యాలెట్లు మాత్రమే కొంటే లారీ దగ్గర మళ్లీ పెట్టె పెట్టె దింపుకోవాల్సిందే. పైనా కిందా రెండు వైపులా పలకలున్న ప్యాలెట్లలోకి హ్యాండ్ ట్రక్ చక్రాలు సరిగా దిగవు, అది కూడా కొనేముందు చూసుకోండి.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఖాళీ ప్యాలెట్ల సంగతి. ఒక పెద్ద దుకాణాల సంస్థ గోడౌన్‌కు మంచివి పంపితే, తిరుగు బండిలో ఎవరివో విరిగినవి ఎక్కించి పంపారు. అడిగితే లెక్క సరిపోయిందిగా అన్నారు. అప్పటి నుంచి ప్రతిదాని మీద మా రంగు పట్టీ వేయించి, చలానాలో ఎన్ని పంపామో, ఏ రకమో రాయించి సంతకం తీసుకుంటున్నాం. తిరిగివ్వని చోటికి పాత చెక్కవే వెళ్తాయి.

నగరంలో చిన్న దుకాణాలకు టాటా ఏస్‌లో వెళ్లే సరుకుకు ప్యాలెట్ పనికిరాదు, సందుల్లో దింపే దారే ఉండదు. అక్కడికి 600 × 400 క్రేట్లు వాడుతున్నాం. అవి 1200 × 1000 ప్యాలెట్ మీద అంతస్తుకు సరిగ్గా ఐదు కూర్చుంటాయి. అందుకని గోడౌన్‌లో ప్యాలెట్ మీద ఉన్న క్రేట్లే తెల్లారి నేరుగా బండెక్కుతాయి.