శిక్షా సిద్ధాంతాల నోట్స్: 180 రూపాయలకు ఎంత గిట్టుబాటు?

జ్యుడీషియల్ పరీక్షకు చదివేవాళ్ల కోసం విశాఖ ద్వారకానగర్ జిరాక్స్ షాపుల్లో దొరికే స్పైరల్ పుస్తకాల్లో ఇదొకటి. నేరానికి శిక్ష ఎందుకు వేయాలో చెప్పే శిక్షా సిద్ధాంతాల మీద తెలుగులో 96 పేజీలు, ధర 180. అచ్చు స్పష్టంగా ఉంది. స్పైరల్ మాత్రం నాసిరకం, నాలుగుసార్లు బ్యాగులో పెట్టి తీస్తే చివరి చుట్టు ఊడిపోతుంది.

దీనిలో బాగా కుదిరింది మొదటిదైన నేర మనస్తత్వం (మెన్స్ రియా, అంటే నేరం వెనకున్న దురుద్దేశం) అధ్యాయం. బంగారంతో విమానంలో బొంబాయి మీదుగా వెళ్తున్న ప్రయాణికుడి కేసు (మేయర్ హాన్స్ జార్జ్, 1965), లైసెన్సు వస్తుందన్న నమ్మకంతో ధాన్యం నిల్వ చేసిన వ్యాపారి కేసు (నాథూలాల్, 1966) పక్కపక్కన పెట్టారు. దురుద్దేశం లేకున్నా మొదటివాడికి శిక్ష ఎందుకు పడింది, రెండోవాడు ఎందుకు బయటపడ్డాడు అన్నది రెండు పేజీల్లో తేలిపోతుంది.

తేడా కొట్టింది రెండో అధ్యాయంలో. "ప్రతీకార సిద్ధాంతం" అని శీర్షిక పెట్టి, "కంటికి కన్ను" అని ఒక్క ముక్కలో ముగించారు. రిట్రిబ్యూషన్‌కు ప్రతీకారం అన్న అనువాదమే తప్పుదారి పట్టిస్తుంది. పగకు బాధితుడి కోపమే కొలత, దానికి హద్దు ఉండదు. ఈ సిద్ధాంతానికి హద్దే ప్రాణం. నేరం చేశాడు కాబట్టే శిక్షించాలి, ఇంకెవరి మేలు కోసమో మనిషిని పనిముట్టుగా వాడకూడదు అన్నాడు జర్మన్ తత్వవేత్త కాంట్, 1797లో. "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అని మనవాళ్లు ఎప్పుడూ అనేదే. ఆ "అంత" దగ్గరే ఉంది కిటుకంతా.

ఇది వదిలేయడంతో తర్వాతి నిరోధక సిద్ధాంతం కూడా కుంటింది. జనాన్ని భయపెట్టడమే లక్ష్యమైతే అమాయకుణ్ణి ఉరితీసినా ఊరు భయపడుతుంది కదా, మరి ఎందుకు తీయకూడదు? నోట్స్‌లో జవాబు లేదు. శిక్ష అనే ఏర్పాటు ఎందుకుండాలి అన్నది ఒక ప్రశ్న, ఎవరికి ఎంత వేయాలి అన్నది వేరే ప్రశ్న అని బ్రిటిష్ న్యాయ తత్వవేత్త హార్ట్ విడదీసిన ఒక్క పేరా చేర్చినా సరిపోయేది. అది లేకే చాలామంది నాలుగు సిద్ధాంతాలకు (ప్రతీకార, నిరోధక, నివారణ, సంస్కరణ) నాలుగు సమాన పేరాలు రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

మరణశిక్ష పేజీని పెన్సిలుతో కొట్టేయండి. ఉరి వేయడానికి కోర్టులు వాడే "అరుదైన వాటిలో అరుదైన" కేసు అన్న కొలత అంటే నేరం ఎంత ఘోరమో చూడటమేనని రాశారు. సుప్రీంకోర్టు బచన్ సింగ్ తీర్పు (1980) నేరంతోపాటు నేరస్థుడి పరిస్థితుల్నీ, మారే అవకాశాన్నీ తూచమంది. మచ్చీ సింగ్ తీర్పు (1983) చెప్పిన ఐదు రకాల కేసుల్ని బట్టీ పట్టడం వల్ల వచ్చే పొరపాటు ఇది.

నేరస్థుణ్ణి మార్చాలనే సంస్కరణ సిద్ధాంతం కింద మన రాష్ట్రం నుంచి వెళ్లిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసు (1977) పెట్టారు, మెచ్చుకోవాలి. ఉద్యోగాల ఆశ చూపి మోసం చేసిన యువకుడికి పడిన మూడేళ్లను సుప్రీంకోర్టు 18 నెలలకు తగ్గించింది.

సెక్షన్లు ఇంకా పాత శిక్షాస్మృతి ఐపీసీవే. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు అవి చెల్లుతాయి కానీ, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని సామాజిక సేవ అన్న కొత్త శిక్ష ఊసే లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో 4,000 రూపాయల ఫోను కొట్టేసినవాడికి ఇదే తొలి శిక్ష అయి, సొత్తు తిరిగిచ్చేస్తే న్యాయ సంహిత 303(2) కింద పడేది అదే. ఎన్ని గంటలో చట్టం చెప్పలేదు. ఇది ఏ సిద్ధాంతం కిందికి వస్తుందన్నది పరీక్షలో అడగదగ్గ ప్రశ్న.

కొనవచ్చు, మొదటి అధ్యాయం కోసం. షాపువాడికి ఇంకో ముప్ఫై ఇచ్చి వైరు బైండింగ్ వేయించుకోండి.