టైపింగ్ ప్యాకేజీతో కలిపి కంప్యూటర్ కొనేవారికి హెచ్చరిక: షార్ట్‌కట్లు పనిచేయకపోతే వెంటనే ఫార్మాట్‌కు ఒప్పుకోకండి

విజయనగరంలో ఒక దుకాణం నుంచి డీటీపీ పనికి కొన్న కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ ప్యాకేజీని విడిగా డబ్బు తీసుకొని వేసి ఇచ్చారు. కోడ్ రాసుకునే విఎస్ కోడ్ అనే ఎడిటర్ ప్రోగ్రామ్‌లో నేను పెట్టుకున్న షార్ట్‌కట్లలో (ఒకేసారి నొక్కే కీల కలయికల్లో) కంట్రోల్, ఆల్ట్ కలిసినవి మొదటినుంచీ పనిచేయలేదు. అడిగితే లోపం ఎడిటర్‌దేనని తేల్చి, మళ్లీ రుసుము తీసుకొని, డిస్కు ఫార్మాట్ చేసి విండోస్ వేశారు. దాంతో నా షార్ట్‌కట్లన్నీ దాచిన కీబైండింగ్స్ ఫైలు పోయింది. అదే ప్యాకేజీని తిరిగి వేయడం వల్ల లోపం మాత్రం అలాగే ఉంది. ఇది చాలా అన్యాయం.

అసలు కారణం ఇది. విండోస్‌లో నడిచే ఏ ప్రోగ్రామైనా కొన్ని కీల కలయికను కంప్యూటర్ మొత్తానికీ తనదిగా నమోదు చేసుకోగలదు. అలా చేసుకున్నాక ఆ కీలు నొక్కినా ఎడిటర్ దాకా చేరవు, కాబట్టి ఎడిటర్‌ను ఎన్నిసార్లు తీసి వేసినా ఫలితం ఉండదు. ఎడిటర్‌లోనే రెండు షార్ట్‌కట్లు ఢీకొనడం వేరే సంగతి.

ఈ తేడా తెలుసుకోవడానికి విఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి, 'టాగుల్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్' అనే ఆదేశాన్ని ఎంచుకొని, పనిచేయని షార్ట్‌కట్‌ను నొక్కి చూడండి. నొక్కిన కీలను చూపుతూ కింద వచ్చే జాబితాలో చివరి అక్షరం కీ కనిపించకపోతే బయటి ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుందని దాదాపుగా అనుకోవచ్చు. కనిపించి వేరే ఆదేశం నడిస్తే చిక్కు ఎడిటర్‌లోనే ఉంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే మరో ఎడిటర్‌లో అయితే సెట్టింగ్స్ కింది షార్ట్‌కట్ మ్యాపర్ చూడాలి. నా కంప్యూటర్‌లో ఆ ప్యాకేజీని మూసిన వెంటనే షార్ట్‌కట్లన్నీ పనిచేశాయి.

కనుక కొనేముందు దుకాణంలోనే ప్యాకేజీని నడిపి, మీ ఎడిటర్ తెరిచి, మీరు రోజూ వాడే షార్ట్‌కట్లను స్వయంగా నొక్కి చూడండి. కీలు మార్చుకునే వీలు ప్యాకేజీలో ఉందో లేదో అడగండి. యూనికోడ్‌లో (ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే తెలుగు అక్షరాల ప్రామాణిక పద్ధతిలో) మాత్రమే టైపు చేసేవారికి అసలు ఈ ఖర్చే అక్కర్లేకపోవచ్చు, ఎందుకంటే 2019 మే నాటి విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఇంగ్లిష్ అక్షరాలతో పలికినట్టే టైపు చేసే తెలుగు ఫోనెటిక్ కీబోర్డు ఉచితంగానే వస్తోంది. ఫార్మాట్ తప్పనిసరైతే ముందుగా కీబైండింగ్స్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. బిల్లులో ప్యాకేజీ పేరు, వెర్షన్ విడిగా రాయించుకోండి. దుకాణదారు బాధ్యత తీసుకోకపోతే ఆ బిల్లుతోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.