పోస్ట్‌గ్రెస్ లాగ్‌లు: లాగింగ్ కలెక్టరా, సిస్‌లాగా?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రాసే లాగ్‌లని సిస్‌లాగ్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ లాగ్ సర్వీస్‌కి) పంపాలా, పోస్ట్‌గ్రెస్ సొంత లాగింగ్ కలెక్టర్‌కే వదిలేయాలా అని చాలామంది అడుగుతున్నారు. ఫార్మాట్, డిస్క్ స్థలం ఎలాగూ చూసుకుంటారు. నేను ముందు చూసేది మాత్రం ఒక్కటే: లాగ్ రాసే పని వెనకబడితే ఏమవుతుంది?

కలెక్టర్‌ని ఒక్క మెసేజ్ కూడా పోకూడదనే ఉద్దేశంతో కట్టారు. సర్వర్ ప్రాసెస్‌లు తమ స్టాండర్డ్ ఎర్రర్‌ని (ఎర్రర్ మెసేజ్‌లు వెళ్లే ఔట్‌పుట్‌ని) ఒక పైప్‌లోకి పంపిస్తే, కలెక్టర్ చదివి ఫైల్లో రాస్తుంది. లోడ్ విపరీతంగా పెరిగి కలెక్టర్ అందుకోలేకపోతే పైప్ నిండిపోతుంది, అప్పుడు మన క్వెరీ నడుపుతున్న ప్రాసెసే లాగ్ దగ్గర ఆగిపోతుంది. సిస్‌లాగ్ సరిగ్గా దీనికి ఉల్టా. రాయలేకపోతే మెసేజ్‌ని వదిలేస్తుంది, డేటాబేస్‌ని మాత్రం ఆపదు.

నా మొగ్గు కలెక్టర్ వైపే. సిస్‌లాగ్ మెసేజ్‌లు పోయేది సర్వర్ తలకిందులవుతున్న ఆ పది నిమిషాల్లోనే, మనం తర్వాత వెతికేదీ ఆ పది నిమిషాల లాగే. పైగా ఆర్కైవ్ కమాండ్ స్క్రిప్ట్ (బ్యాకప్ కోసం ఫైళ్లని కాపీ చేసేది) ఫెయిలైనప్పుడు అది కక్కే ఎర్రర్ లాంటివి సిస్‌లాగ్‌లో కనబడకపోవచ్చు, కలెక్టర్ వాటినీ పట్టుకుంటుంది. క్వెరీలు ఆగిపోతాయని టెన్షన్ ఉంటే ప్రతి స్టేట్‌మెంట్‌నీ లాగ్ చేయడం మానేసి, నిదానంగా నడిచే క్వెరీలే రాసేలా పెట్టుకోండి, చాలావరకు సరిపోతుంది. సెంట్రల్ లాగ్ సర్వర్ తప్పనిసరైతే లాగ్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే సెట్టింగ్‌లో కామా పెట్టి రెండు గమ్యాలూ ఇవ్వొచ్చు.

డెబియన్, ఉబుంటు లినక్స్ ప్యాకేజీల్లో కలెక్టర్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, ఔట్‌పుట్ నేరుగా ఫైల్లోకి వెళ్తుంది, లాగ్‌రొటేట్ (లాగ్ ఫైళ్లు పెరిగిపోకుండా చూసే టూల్) దాన్ని కాపీ చేసి అసలుది ఖాళీ చేస్తుంది. ఆ రెండు పనుల మధ్య సందులో కొన్ని లైన్లు పోవచ్చు. ఆ ఫైల్‌ని మీరే చేత్తో డిలీట్ చేశారనుకోండి, సర్వర్ దాన్ని పట్టుకునే ఉంటుంది: ఫైళ్ల లిస్టు చూపే ఎల్ఎస్ కమాండ్‌లో ఫైల్ కనిపించదు, డిస్క్ ఖాళీ చూపే డీఎఫ్‌లో స్థలం తగ్గుతూనే ఉంటుంది. కలెక్టర్ అయితే 24 గంటలకో 10 ఎంబీకో తనే కొత్త ఫైల్ తెరుచుకుంటుంది. పాతవాటిని అది తీసేయదు కాబట్టి, ఫైల్ పేరులో వారం పేరు పెట్టి, సైజు రొటేషన్‌ని సున్నా చేసి, ట్రంకేట్ (అదే పేరున్న పాత ఫైల్‌ని ఖాళీ చేసి రాయడం) ఆన్ చేస్తే ఏడు ఫైళ్లే తిరుగుతుంటాయి.

డాకర్‌లో (కంటైనర్లలో నడిపే టూల్‌లో) అయితే స్టాండర్డ్ ఎర్రర్ అలాగే వదిలేసి, డాకర్ వైపు సైజు లిమిట్ పెట్టండి, చాలు.

2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి జేసన్ ఫార్మాట్ లాగ్ కూడా ఉంది, దానికీ కలెక్టర్ కావాల్సిందే. కలెక్టర్‌ని ఆన్ చేయడానికి రీలోడ్ చాలదు, రీస్టార్ట్ కావాలి, అందుకే సర్వర్ కొత్తగా పెట్టేటప్పుడే ఆన్ చేసుకోండి.