సూర్యోదయం వేళ తాజ్‌మహల్: ఢిల్లీ నుంచి వెళ్లాలా, ఆగ్రాలో ఉండాలా?

నోయిడాలో కాపురం ఉండే మాలాంటి వాళ్ల ఇంటికి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చుట్టాలొస్తే తాజ్‌మహల్ చూపించడం మామూలే. సొంత కారులో వెళ్లాం, రైల్లో వెళ్లాం, రాత్రికి ఆగ్రాలో ఉండి కూడా వెళ్లాం. మొన్న ఫిబ్రవరి చివర్లో అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చినప్పుడు మాత్రం ఢిల్లీలో ట్రావెల్స్ వాళ్లు అమ్మే ‘సన్‌రైజ్ టూర్’ తీసుకున్నాం. కారు, డ్రైవరు, గైడు, టికెట్లు, టిఫిను, ఆగ్రా కోట, సాయంత్రానికి ఇంటి దగ్గర దింపడం, అన్నిటికీ కలిపి ఒకటే రేటు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఇది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ డబ్బూ ఓపికా వృథా అవుతాయో చెప్పాలని రాస్తున్నాను. తాజ్‌ని తెల్లవారుతుండగా చూడటం వేరు, పదకొండు గంటల ఎండలో జనం మధ్య చూడటం వేరు. పొద్దున్నే చూడటానికి ఎంత శ్రమైనా పడొచ్చు. కానీ ఆ శ్రమలో చాలా భాగం రోడ్డు మీదే అయిపోకూడదు.

తాజ్ గేట్లు సూర్యోదయానికి అరగంట ముందు తెరుస్తారు. ఫిబ్రవరి చివర్లో అక్కడ సూర్యుడు వచ్చేది దాదాపు పావుతక్కువ ఏడుకి. అంటే ఆరుంపావుకల్లా మనం గేటు దగ్గర ఉండాలి. 2012లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక ప్రయాణం చాలా సులువైంది. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా 165 కిలోమీటర్లు, ఎక్కడా ట్రాఫిక్ సిగ్నల్ ఉండదు. అయినా ఢిల్లీలో ఇల్లు వదిలింది మొదలు లెక్కేస్తే మూడున్నర గంటలు పడుతుంది. అర్ధరాత్రి దాటిన రెండు గంటలకే లేవాలి. పెద్దవాళ్లు ఆ రాత్రి పడుకున్నట్టే కాదు.

ఇంతకంటే పెద్ద సంగతి డ్రైవరు నిద్ర. మాకొచ్చిన కుర్రాడు మర్యాదస్తుడే, బండి కూడా జాగ్రత్తగానే నడిపాడు. మాటల్లో తెలిసిందేమిటంటే రాత్రి పదకొండు దాకా ఎయిర్‌పోర్టు డ్రాపులు చేసి, సరిగా పడుకోకుండానే మా ఇంటికొచ్చాడట. తప్పు అతనిది కాదు, అతన్ని అలా పంపినవాళ్లది. మామయ్యగారు ముందు సీట్లోకి మారి, తనకొచ్చిన హిందీలోనే దారి పొడవునా అతనితో మాట్లాడుతూ కూర్చున్నారు. మధ్యలో ఫుడ్ ప్లాజా దగ్గర ఆపించి ఇద్దరూ టీ తాగారు. అందుకే బుక్ చేసే ముందు, డ్రైవరు ముందురోజు రాత్రి డ్యూటీలో ఉంటాడా అని తప్పకుండా అడగండి. సరిగా జవాబు చెప్పకపోతే ఇంకొకరిని చూసుకోండి. డిసెంబరు, జనవరిలో అయితే అసలు ఈ టూర్ జోలికే వెళ్లొద్దు. పొగమంచులో ఎక్స్‌ప్రెస్‌వే మీద రాత్రి ప్రయాణం ప్రమాదం. తీరా చేరాక తాజ్ కూడా మంచులోనే ఉంటుంది, ఒక్కోసారి తొమ్మిది దాటినా కనిపించదు.

తూర్పు గేటుకి వెళ్లేవాళ్లు శిల్పగ్రామ్ దగ్గర కారు దిగాలి. కాలుష్యం వల్ల మామూలు వాహనాలను తాజ్ దగ్గరికి రానివ్వరు, అక్కడి నుంచి బ్యాటరీ బండ్లు ఉంటాయి. నడిచినా పది, పదిహేను నిమిషాలే. గైడు మా కోసం అక్కడే ఎదురుచూస్తున్నాడు. నడివయసు మనిషి, మెడలో టూరిజం శాఖ గుర్తింపు కార్డు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసి పెట్టాడు. మన దేశం వాళ్లకి 50 రూపాయలు, సమాధి ఉన్న ప్రధాన కట్టడంలోకి వెళ్లాలంటే ఇంకో 200. పదిహేనేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు. విదేశీయులకి 1100, దాని మీద ఆ 200. అమెరికా నుంచి వచ్చే మన పిల్లల్లో ఆ దేశపు పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఈ రెండో లెక్కలోకి వస్తారని గుర్తుంచుకోండి. చాలా ప్యాకేజీల్లో ‘టికెట్లు కలిపి’ అని రాసి, ఈ 200 కలపరు. మాకు కలిపారు గానీ, ఫోన్ చేసి అడిగాకే ఆ మాట రాసిచ్చారు.

సెక్యూరిటీ దగ్గర ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరే లైన్లు. తినేవి, లైటర్లు, ట్రైపాడ్, పెద్ద బ్యాగులు లోపలికి పోనివ్వరు. అత్తయ్యగారి చేతిసంచిలో ప్రయాణానికని తెచ్చుకున్న చెగోడీలు ఉంటే, గైడు లైన్లోకి రాకముందే చూసి కారుకి పంపించేశాడు. తెలిసిన మనిషి పక్కనుంటే ఇలాంటివి చాలా తప్పుతాయి. పొద్దున్నే ఆ లైన్లో పోయే పావుగంట చాలా విలువైంది.

ఇక వెలుగు గురించి. పెద్ద దర్వాజాలోంచి లోపలికి నడిచేటప్పుడు మనం ఉత్తరం వైపు చూస్తుంటాం. సూర్యుడు కుడిచేతి వైపు నుంచి వస్తాడు. అందుకని మొదట గుమ్మటం కుడి చెంపకు రంగొస్తుంది, ఎడమ సగం కాసేపు బూడిదరంగులోనే ఉంటుంది. ఆ సమయానికి సూర్యుడు ఇంచుమించు సరిగ్గా తూర్పునే ఉంటాడు కాబట్టి ముందు గోడ మీద వెలుగు పక్కవాటుగా పడుతుంది. లోతైన తోరణాల్లో నీడలు నిలబడతాయి, గోడల మీద చెక్కిన పూలు పైకి తేలినట్టుంటాయి. మధ్యాహ్నం ఎండలో ఇవే పూలు గోడలో కలిసిపోయి కనపడవు. గులాబీ, పసుపు, తెలుపు అని రంగుల పేర్లు చెప్పుకుంటాం గానీ, నాకు ప్రతిసారీ నచ్చేది ఈ నీడలే.

అందరూ దర్వాజా దాటగానే ఆగి, డయానా యువరాణి 1992లో కూర్చున్న పాలరాతి బల్ల దగ్గర ఫొటోకి క్యూ కడతారు. మా గైడు మమ్మల్ని అక్కడ ఆపలేదు. నేరుగా తోట దాటించి, పైన పడమటి వైపున్న ఎర్రరాతి మసీదు ముందుకి తీసుకెళ్లాడు. అక్కడ నిలబడి తూర్పుకి తిరిగితే సూర్యుడికీ మనకీ మధ్యలో తాజ్ ఉంటుంది. తెల్లటి కట్టడం నల్లగా కనిపిస్తుంది, చుట్టూ అంచులు మాత్రం మెరుస్తాయి. వెనక్కి తిరిగితే మసీదు ఎర్రరాయి మీద పొద్దుటి వెలుగు. ఎన్నోసార్లు వచ్చిన నాకు కూడా ఆ చోటు అంత పొద్దున్నే చూడటం కొత్త. గైడు డబ్బు అక్కడే గిట్టిపోయింది.

మామయ్యగారు ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ప్రేమకథ వినేంత ఓపిక ఆయనకి లేదు. “నది ఒడ్డున ఇంత బరువు ఎలా నిలబెట్టారయ్యా?” అని మొదలుపెట్టారు. బావులు తవ్వి, వాటిని రాయీ సున్నంతో నింపి, ఆ వరసల మీద పునాది లేపారని గైడు చెప్పాడు. నాలుగు మీనార్లూ కొద్దిగా బయటికి వంగి ఉంటాయని, భూకంపం వస్తే సమాధి మీద పడకుండా ఆ జాగ్రత్త అని కూడా చెప్పాడు. మామయ్యగారు ఫోన్ నిలువుగా పట్టుకుని, దాని అంచుని మీనారు అంచుతో పోల్చి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశారు. “నిజమే, వంపు ఉంది” అని, మిగతా మూడింటి దగ్గరా అదే పరీక్ష చేశారు.

ద్వారం చుట్టూ ఉన్న అక్షరాల దగ్గర, పూల పట్టీల దగ్గర నిదానంగా ఆగాలి. మక్రానా నుంచి తెచ్చిన తెల్లరాయిలో గాడి తొలిచి, అందులో రంగురాళ్లు పొదిగారు. ఒక్క రేకులోనే రెండు మూడు ఛాయల రాళ్లు, కొన్ని గోటి చివరంత ముక్కలు. అత్తయ్యగారు పట్టీ మీద వేలు పెట్టి చివరిదాకా జరిపారు, అతుకు ఎక్కడా తగల్లేదు. పైకి పోయేకొద్దీ అక్షరాలు పెద్దవి చేశారట, కింద నుంచి చూసేవాళ్లకి అన్నీ ఒకే సైజులో కనపడాలని. ఆ రాత రాసిన అమానత్ ఖాన్ తన పేరు కూడా అందులోనే రాసుకున్నాడు.

లోపల ఫొటోలు తియ్యకూడదు, ఎక్కువసేపు నిలబడనివ్వరు. చెప్పులకి కవర్లు తొడుక్కోవాలి, లేదంటే విప్పెయ్యాలి. ముంతాజ్ సమాధి సరిగ్గా నడిమధ్య ఉంటుంది, షాజహాన్‌ది పక్కన పడమటి వైపు. అంత కచ్చితమైన కొలతల కట్టడంలో అటూ ఇటూ సరిపోలనిది అదొక్కటే. మనకి కనిపించేవి పైపై గుర్తులే, అసలు సమాధులు కింది గదిలో ఉన్నాయి. ఏడున్నర లోపే వెళ్లాం కాబట్టి సమాధుల చుట్టూ ఉన్న పాలరాతి జాలీ తెర చుట్టూ నెమ్మదిగా తిరగగలిగాం. పది దాటాక అక్కడ అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టం.

గైడుని ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటుంది. కట్టినవాళ్ల చేతులు నరికించారు, నదికి అవతల నల్ల తాజ్ కట్టబోయారు అనే కథలు ఎలా చెబుతాడన్నది. రెండింటికీ ఆధారాల్లేవు. 1990ల్లో ఆ అవతలి ఒడ్డున ఉన్న మెహతాబ్ బాగ్ తోటలో తవ్వినప్పుడు బయటపడింది పెద్ద కొలను, నల్ల సమాధి పునాది కాదు. మా గైడు ఇవి కథలేనని ముందే చెప్పి, తర్వాత చెప్పాడు. దర్వాజా మీది 22 చిన్న గుమ్మటాలు 22 ఏళ్ల నిర్మాణానికి గుర్తని అందరూ అంటారని కూడా అదే తీరులో చెప్పాడు. 1631లో ముంతాజ్ బుర్హాన్‌పూర్‌లో చనిపోయింది, మరుసటి ఏడు పని మొదలైంది, మొత్తం ప్రాంగణం పూర్తయ్యేసరికి 1653. ఈ మాత్రం తెలిసి, మనల్ని కాసేపు మౌనంగా చూడనిచ్చే గైడు దొరికితే చాలు. గంటన్నరకి మించి అతని అవసరం ఉండదు. టికెట్ మూడు గంటలు చెల్లుతుంది, మిగతా సమయం ఎవరికి వాళ్లు తిరగడమే మంచిది.

ఇంతవరకు బాగానే సాగింది. బయటికొచ్చాక ప్యాకేజీ అసలు రంగు కనిపించింది. ‘హోటల్లో టిఫిన్’ అన్నది చల్లారిన ఇడ్లీ, బ్రెడ్డు ఉన్న బఫే. ఆగ్రాలో పొద్దున బేడై తినాలి. పప్పు కూరిన పూరీ లాంటిది, కారంగా ఆలూ కూర, చివర్లో జిలేబీ. మాకు అది దొరకలేదు. తర్వాత మేం అడక్కుండానే కారు ఒక పాలరాతి షోరూం ముందు ఆగింది. మొదట చేత్తో రాయి అరగదీసే పనివాడిని చూపించారు. అది చూడదగ్గదే, ఆ పని చేసే కుటుంబాలు తాజ్ పక్కనున్న తాజ్‌గంజ్ పేటలో ఇంకా ఉన్నాయి. ఆ వెంటనే పై అంతస్తులో అమ్మకం. ముప్పావుగంట పోయింది. అమ్మేవాళ్లు ఎంత నచ్చజెప్పినా అత్తయ్యగారు ఒక పళ్లెం తీసి గోటితో గీశారు, గీత పడింది. “ఇది బలపం రాయి బాబూ, పాలరాయి కాదు” అని తెలుగులోనే చెప్పి అక్కడ పెట్టేశారు. అసలు పాలరాయికి గోటి గీత పడదు, వెనక నుంచి టార్చి వేస్తే వెలుగు ఇవతలికి వస్తుంది. షాపింగ్ స్టాపులు వద్దని బుక్ చేసేటప్పుడే మెసేజ్ రూపంలో రాయించుకోవాలి.

ఆగ్రా కోట మాత్రం వదలొద్దు. అక్బరు కట్టించిన ఈ కోటలోనే షాజహాన్‌ని కొడుకు ఔరంగజేబు 1658 నుంచి బంధించి ఉంచాడు, 1666లో పోయేదాకా. కోటలోని ముసమ్మన్ బుర్జ్ అనే బురుజు వైపు నుంచి చూస్తే యమున వంపు అవతల తాజ్ చిన్నగా కనిపిస్తుంది. పొద్దున దాని పక్కన నిలబడి వచ్చినవాళ్లకి ఆ దూరం బాగా తెలుస్తుంది. అయితే రెండింటికే లేచిన పెద్దవాళ్లకి పదకొండు గంటల ఎండలో కోట ఎక్కుడు దారి భారమే. అత్తయ్యగారు దీవానే ఆమ్ అనే సభామంటపం దగ్గర నీడలో కూర్చుండిపోయారు, మిగతాది చూడలేదు. ఫతేపూర్ సిక్రీ కూడా అదే రోజు చూపిస్తామనే ప్యాకేజీలున్నాయి, తీసుకోకండి.

అందుకే నా సలహా, ముందురోజు సాయంత్రానికే ఆగ్రా చేరండి. మెహతాబ్ బాగ్‌లో సూర్యాస్తమయం చూసి, తూర్పు గేటు రోడ్డులో ఏదైనా హోంస్టేలో పడుకోండి. శిల్పగ్రామ్‌కి నడిచి వెళ్లగలిగే దూరమైతే అయిదున్నరకి లేస్తే చాలు. గదిలోంచి తాజ్ కనిపించాలంటే ఒబెరాయ్ అమర్‌విలాస్ ఉంది, మధ్యతరగతికి అందే ధర కాదు. తాజ్‌గంజ్ సందుల్లో మేడమీది నుంచి వ్యూ ఉందనే చిన్న హోటళ్లు చాలా ఉన్నాయి. మేం ఉన్న ఒకదాంట్లో వ్యూ నిజమే, వేడినీళ్లు మాత్రం రాలేదు. గది తీసుకునే ముందు కొళాయి తిప్పి చూడండి. దక్షిణ ద్వారం పక్కనే అని చెబితే దానికి ఎక్కువ ఇవ్వకండి, అటునుంచి లోపలికి పంపరు. తూర్పు గేటుకో పడమర గేటుకో చుట్టి వెళ్లాల్సిందే. లైసెన్సున్న గైడుని హోటల్ వాళ్ల ద్వారా రాత్రే మాట్లాడుకోవచ్చు, కార్డు చూపించమని అడగటానికి మొహమాటపడొద్దు.

మన ప్రాంతాల నుంచి వచ్చేవాళ్లకి ఇంకో వెసులుబాటుంది. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్, రెండూ ఢిల్లీ కంటే ముందు ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతాయి. ఢిల్లీ దాకా పోయి వెనక్కి రావడం ఎందుకు? దారిలోనే దిగి, ఒక రాత్రి ఉండి, తాజ్ చూసుకుని ఢిల్లీ పొండి. అప్పటికే ఢిల్లీలో ఉండి, సూర్యోదయం పట్టింపు లేనివాళ్లకి నిజాముద్దీన్ నుంచి పొద్దున ఎనిమిదికి కాస్త అటూ ఇటూగా గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. పదిలోపే ఆగ్రాలో దింపి, సాయంత్రం వెనక్కి తెస్తుంది. శుక్రవారం ఆ రైలు లేదు. తాజ్ కూడా శుక్రవారం మూసే ఉంటుంది, టికెట్లు బుక్ చేసే ముందు వారం చూసుకోండి.

ఆగ్రా మిఠాయి పేఠా కొనడం మర్చిపోకండి. ఒకే పేరుతో పక్కపక్కనే బోలెడు దుకాణాలుంటాయి, బోర్డు చూసి కాకుండా రుచి చూసి కొనాలి. బూడిద గుమ్మడికాయతో చేస్తారని తెలిసి అత్తయ్యగారు ఆశ్చర్యపోయారు. “మనం వడియాలు పెట్టుకునే కాయేగా ఇది!” అంటూనే కేసర్ పేఠా రెండు డబ్బాలు కట్టించుకున్నారు. పొడి పేఠా అయితే విజయవాడ చేరేదాకా పాడవదు. పాకంలో ఉండే అంగూరీ మాత్రం అక్కడికక్కడే తినేయాలి.