సోలోగా వెళ్లాలంటే: డాలీ దారి మేలా, స్టేపుల్టన్ దారి మేలా?

అమెరికా పల్లెపాటల్లోంచి పుట్టిన కంట్రీ మ్యూజిక్‌లో జోడీనో బ్యాండునో వదిలి సొంత పేరు మీద పాడటం ఎప్పటినుంచో ఉన్నదే. చిక్కంతా ఎప్పుడు వదలాలి, ఎలా వదలాలి అన్న దగ్గరే.

గాయని డాలీ పార్టన్ 1967లో గాయకుడు పోర్టర్ వాగనర్ నడిపే టీవీ షోలో చేరింది. ఐదేళ్లు ఉంటానని చేరి ఏడేళ్లు ఉండిపోయింది. వెళ్తానంటే ఆయన ఒప్పుకోడు, రోజూ గొడవే. మాటలతో పని కావట్లేదని ఒక పాట రాసి ఆయన ముందు పాడింది. అదే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. 1974లో షో వదిలేసింది, అదే ఏడాది ఆ పాట కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. 1979లో పోర్టర్ ఆమె మీద 30 లక్షల డాలర్లకు దావా వేశాడు. చివరికి కోర్టు బయట తేల్చుకున్నారు.

ఇంకో సంగతి. ఆమె చీకట్లో దూకలేదు. షోలో ఉండగానే సొంతంగా రికార్డులు తెచ్చింది, 1971లో 'జాషువా'తో నంబర్ వన్ కూడా చూసింది. పైగా పాట హక్కులు తన దగ్గరే ఉంచుకుంది. ఎల్విస్ పాడాలంటే హక్కుల్లో సగం కావాలని ఆయన మేనేజర్ అడిగితే, ఏడ్చుకుంటూనే ఇవ్వనంది. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడి పెద్ద హిట్ చేశాక ఆ 'ఇవ్వను' విలువ ఎంతో అందరికీ తెలిసింది.

క్రిస్ స్టేపుల్టన్‌ది నిదానం దారి. 2001లో కంట్రీ మ్యూజిక్‌కి కేంద్రమైన నాష్‌విల్ వచ్చి వేరేవాళ్లకు పాటలు రాశాడు. కెన్నీ చెస్నీ, ల్యూక్ బ్రయన్ లాంటి గాయకులు ఆయన పాటలతో నంబర్ వన్ కొట్టారు. మధ్యలో స్టీల్‌డ్రైవర్స్ అనే బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలు లాంటి వాయిద్యాలతో సాగే కంట్రీ శైలి) బ్యాండ్‌లో పాడి 2010లో బయటికొచ్చాడు. 2013లో వేసిన సోలో సింగిల్ ఆడలేదు. అయినా పాటల రాయల్టీ ఉంది కాబట్టి కొంప మునగలేదు. 2015 మేలో 'ట్రావెలర్' ఆల్బమ్ వచ్చింది. నవంబర్‌లో కంట్రీ మ్యూజిక్ వాళ్ల సీఎంఏ అవార్డుల వేదిక మీద పాప్ గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్‌తో కలిసి పాడి, మూడు అవార్డులు పట్టుకెళ్లాడు. ఆ తర్వాతే ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి ఎక్కింది. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు.

నన్నడిగితే స్టేపుల్టన్ దారే మేలు. ఓసారి దెబ్బ తిన్నా మళ్లీ ప్రయత్నించడానికి చోటుంటుంది. కాకపోతే ఓపిక కావాలి, కలం కూడా కావాలి. డాలీలా అప్పటికే టీవీలో ఇంటింటికీ తెలిసిన ముఖమైతే మాత్రం ఆగడం దండగ, ఆ వేడి మీదే బయటపడాలి. లాయరు ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి, అంతే.

వైనోనా జడ్‌ని ఈ లెక్కలో కలపను. జోడీగా పాడే తల్లి నయోమీ జబ్బు చేసి తప్పుకోవడంతో ఆమె 1992లో ఒంటరిగా ఆల్బమ్ తేవాల్సి వచ్చింది. అది పెద్ద హిట్టే, కానీ కోరి ఎంచుకున్నది కాదు.

ఇక బ్రూక్స్ అండ్ డన్ అనే జోడీలోని రానీ డన్. 2010లో జోడీకి వీడ్కోలు టూర్ చేసి, 2011లో సోలో ఆల్బమ్ వేశాడు. గొంతు అదే, పాటలూ బాగానే ఉన్నాయి. జనానికి అలవాటైంది మాత్రం ఆ జంట పేరు. 2015లో లాస్ వేగస్‌లో గాయని రీబా మెకెంటైర్‌ని కూడా కలుపుకుని మళ్లీ పాత జోడీదారు కిక్స్ బ్రూక్స్ పక్కనే నిలబడ్డాడు.